బండి ఆపే చోటు

మాసాయి మారాకు వెళ్తున్నానని తెలిసి అందరూ అడిగిన ప్రశ్న ఒకటే: ఏ కెమెరా పట్టుకెళ్తున్నావని. బండి ఎక్కడ ఆపుతారని ఎవరూ అడగలేదు. నాకూ తట్టలేదు. కెన్యా నైరుతి మూలన, నరోక్ కౌంటీలో 1,510 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకున్న ఆ గడ్డిమైదానంలో నలుగురు ఫొటోగ్రాఫర్లం, ఒక గైడు ఒకే బండిలో వారం తిరిగాక తెలిసొచ్చింది. షట్టర్ నొక్కేది మనమే గానీ, నొక్కే వేళకు ఫొటోలో సింహభాగం తయారై ఉంటుంది. తయారుచేసేది స్టీరింగు ముందు కూర్చున్న మనిషి. ఆ తయారీ ఎలా సాగుతుందో ఒక్కొక్క భాగమే విప్పి చెప్తాను.

ముందుగా బండి. మారాలో ఎటు చూసినా టొయోటా ల్యాండ్ క్రూయిజర్లే, అందులోనూ 70 సిరీస్‌వి. పికప్ ఛాసిస్ పొడవు పెంచి, కెన్యా షెడ్లలోనే దాని మీద సఫారీ బాడీ కడతారు, మన ఆటోనగర్‌లో లారీకి కట్టినట్టు. మామూలు సఫారీ బండికి పైకప్పు పైకి లేస్తుంది, జనం నిలబడి చూస్తారు. ఫొటోలకని కట్టించిన మా బండికి పక్క తలుపుల పై సగమే లేదు. అక్కడ చుట్టి కట్టిన కాన్వాసు తెర ఉంది, వానొస్తే దించుతారు. కిటికీ అంచు మీద లెన్సు ఆనడానికి జానెడు వెడల్పు చెక్క బిగించారు. వరసకు ఒక్కరే కూర్చుంటారు, పక్క సీటు కెమెరా సంచిది. ఏడెనిమిది మంది పట్టే బండిలో నలుగురినే ఎక్కించారేమిటని మొదట అనుకున్నాను. జంతువు ఎడమ నుంచి కుడికి దాటినప్పుడల్లా ప్రతి ఒక్కరూ లెన్సుతో సహా అవతలి కిటికీకి జరగాలి. రెండో సీటు ఖాళీగా ఉంటేనే అది కుదురుతుంది.

నేల సంగతి కూడా బండే చూసుకోవాలి. మారాలో చాలా చోట్ల నల్లరేగడి. గైడ్లు దాన్ని ‘బ్లాక్ కాటన్’ అంటారు. పత్తి పండే మన రేగడి లాంటిదే: ఎండితే నెర్రెలిస్తుంది, తడిస్తే జిగురై టైరును చుట్టేస్తుంది. అందుకని నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే ఏర్పాటు, పొడవాటి జాకీ, దిగబడిన బండిని లాగే పట్టా ఉంటాయి. వీటన్నిటి కింద నలిగిపోయిన చెక్కపలక ఒకటి ఉంటుంది. బురదలో జాకీ పెట్టి తిప్పితే బండి పైకి లేవదు, జాకీయే భూమిలోకి పోతుంది. దాని కింద ఈ పలక పెడితే బరువు పరుచుకుంటుంది, బండి లేస్తుంది.

బండికీ లెన్సుకీ మధ్య ఉండేది బీన్‌బ్యాగు. చూడ్డానికి దిండు లాంటి గుడ్డసంచి. విమానంలో ఖాళీగా మడిచి తెచ్చుకుని, ఇక్కడికొచ్చాక బియ్యమో బీన్స్ గింజలో పోసుకుంటాం. మొదటి రోజు నేను నాది బియ్యంతో నిండా కుక్కాను. మూడు కిలోల లెన్సు దాని మీద, బంతి మీద పెట్టినట్టు దొర్లింది. గైడు చూసి జిప్పు తీయించి, నాలుగో వంతు బియ్యం బయటికి తీయించాడు. అప్పుడు తెలిసింది కిటుకు. మూడొంతులు నిండిన సంచిలో గింజలు లెన్సు బరువుకు పక్కలకు జరిగి గుంట చేస్తాయి. లెన్సు ఆ గుంటలో కూర్చోగానే గింజను గింజ ఒత్తుకుని బిగుసుకుంటాయి. అంతదాకా నీళ్ళలా జరిగినవి అక్కడికక్కడే రాయిలా నిలబడతాయి. బండి సన్నటి వణుకు లెన్సు దాకా రాకుండా ఆ గింజల రాపిడిలోనే అణగారిపోతుంది. ట్రైపాడ్ కాళ్ళకు బండిలో చోటు లేదు. ఉన్నా బండి వణుకును అది నేరుగా కెమెరాకు అందిస్తుంది. చివరి రోజు ఆ బియ్యాన్ని క్యాంపు వంటింటికి ఇచ్చి, సంచి మళ్ళీ మడిచి పెట్టెలో పెట్టుకున్నాం.

తర్వాత వెలుతురు. మారా భూమధ్యరేఖకు దక్షిణంగా ఇంచుమించు డిగ్రీన్నర దూరంలో ఉంది. ఏడాది పొడవునా ఆరున్నర ప్రాంతంలోనే పొద్దు పొడుస్తుంది. పొడిచిన సూర్యుడు గంటకు దాదాపు 15 డిగ్రీల చొప్పున నిటారుగా పైకి పోతాడు. పసుపు రాసినట్టుండే ఏటవాలు ఎండ గంట తిరిగేసరికి తెల్లబడుతుంది. పొద్దెక్కాక ఇంకో చిక్కు. నేల వేడెక్కి, దాని మీది గాలి పొరలు పొరలుగా కదులుతుంది. దూరాన ఉన్న జంతువు అంచులు నీళ్ళలో చూసినట్టు అల్లాడతాయి. ఎండమావిని పుట్టించేదీ ఈ వేడిగాలే. ఎంత ఖరీదైన లెన్సయినా దానికి విరుగుడు కాదు. కాబట్టి గైడు చేతిలో ఉన్న పెట్టుబడల్లా పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట. మసక చీకట్లో టీ తాగి బయల్దేరడం అందుకే.

ఆ గంటలో ఆయన వేసే లెక్క సూర్యుడు, బండి, జంతువు, ఈ మూడింటి మధ్య కోణం. సూర్యుడు మన వీపు వైపుంటే వెంట్రుకల రంగు ఉన్నదున్నట్టు వస్తుంది, జంతువు కంట్లో మెరుపు పడుతుంది. సూర్యుడు జంతువు వెనక ఉంటే దాని ఒంటి చుట్టూ బంగారు జరీ అంచు కుట్టినట్టవుతుంది. కానీ ఆ జరీ కనిపించాలంటే వెనక చీకటి కావాలి. తెల్లటి ఆకాశం ముందు అది మాయమైపోతుంది. అందుకని ఎదురెండలో తీయాల్సి వస్తే, ఇంకా ఎండ తగలని కొండవాలో పొదల నీడో వెనక పడేలా ఆయన బండి తిప్పుతాడు.

నాకు అన్నిటికన్నా ముచ్చటేసింది ఎత్తు లెక్క. పై నుంచి చూస్తే మన చూపు జంతువు మీదుగా దిగి, దాని వెనకే ఉన్న గడ్డిలో గుచ్చుకుంటుంది. ఆ గడ్డి కూడా స్పష్టంగా పడి, జంతువు అందులో అతుక్కుపోయినట్టు ఉంటుంది. చూపు దాని కంటి మట్టానికి దిగితే, దాన్ని దాటి దూరపు ఒలోలోలో కొండల దాకా పోతుంది. అప్పుడు వెనకంతా మెత్తగా కరిగి, జంతువు ఒక్కటే నిలుస్తుంది. బండి ఎత్తు తగ్గించే వీలు లేదు కనుక మా గైడు నేల ఎత్తు తగ్గించేవాడు. దారి పల్లంలోకి దిగే చోటు, వాగు గట్టు అడుగు వెతికి అక్కడ ఆపేవాడు. రెండడుగుల పల్లం చేసే పని లక్షల ఖరీదు లెన్సు చేయలేదు.

వెలుతురు లెక్క రాత్రే వేసుకోవచ్చు. జంతువులను మాత్రం అప్పటికప్పుడు చదవాలి. మారా మైదానంలో ఒంటరిగా నిలబడే చెట్లు చాలావరకు బాలనైటిస్, అంటే మన గారచెట్టుకు చుట్టాలు. జిరాఫీలు అందినంత మేర మేయడంతో వాటి కొమ్మల అడుగు కత్తిరించినట్టు సమంగా ఉంటుంది. ఆ చెట్టు కింద మూడు జిరాఫీలు మేత మానేసి ఒకే దిక్కు చూస్తుంటే, అటు సింహమో చిరుతో ఉన్నట్టు. టోపీ అనే దుప్పి చెదపుట్ట ఎక్కి కాపలా కాస్తుంది, అది బుసకొట్టినా అంతే. రాబందులు గాలిలో గిరికీలు కొడుతుంటే ఇంకా వెతుకుతున్నట్టు, కాళ్ళు చాచి దిగుతుంటే కళేబరం దొరికినట్టు. వెర్వెట్ కోతులు చిరుతకు ఒకలా, గద్దకు ఒకలా, పాముకు ఒకలా అరుస్తాయని కెన్యాలోని అంబోసెలీలో చేసిన పరిశోధన 1980లో లోకానికి చెప్పింది. గైడ్లకు అది రోజూ వినే వార్తల బులెటిన్. కోతులు పైకి చూసి అరిస్తే మా గైడు బండి ఆపేవాడు కాదు. చెట్టెక్కి కిందికి చూసి అరిస్తే ఆపేవాడు. సింహాల ముఖాలనూ ఆయన అలాగే చదివేవాడు. మీసాల మొదట్లో వరసగా ఉండే మచ్చల్లో పై వరస అమరిక ఒక్కో సింహానికి ఒక్కోలా ఉంటుంది, మన వేలిముద్రలాగా. దాన్నిబట్టే ఇది ఏ గుంపుది, నిన్న ఎక్కడుంది, తిన్నదా లేదా అని లెక్క కట్టేవాడు.

ఈ భాగాలన్నీ ఒకే పనిగా కలిసింది మూడో రోజు ఉదయం. తాలెక్ నది దగ్గర చెదపుట్ట మీద చీతా కూర్చుని ఉంది. స్వాహిలీలో దుమా అంటారు. అప్పటికే మూడు బండ్లు దాని పక్కన ఆగాయి. మా గైడు వాటి దగ్గర వేగం కూడా తగ్గించకుండా ముందుకు పోనిచ్చాడు. వెనక నుంచి నలుగురం ఒక్కసారే అరిచాం. ఆయన బదులివ్వకుండా నూటయాభై గజాలు వెళ్ళి, దారి వంపు తిరిగి పల్లంలోకి దిగే చోట బండిని అడ్డంగా తిప్పి ఆపాడు. ఇంజను ఆపాడు. ఎదురుగా ఖాళీ గడ్డి తప్ప ఏమీ లేదు.

“మూడుసార్లు ఇటే చూసింది,” అన్నాడు.

ఎటని చూస్తే, మాకు ఎడమగా, దూరంగా థామ్సన్ జింకల మంద మేస్తోంది. గాలి మంద వైపు నుంచి చీతా వైపు వీస్తోంది. చీతా ఆ మంద మీదికి పోవాలనుకుంటే గడ్డి ఎత్తుగా ఉన్న ఈ పల్లం గుండానే రావాలి. రిజర్వులో దారి వదిలి గడ్డిలోకి బండి దించకూడదన్నది నియమం. కనుక చీతా వచ్చే తోవ, బండి నిలవదగ్గ దారి దగ్గర పడేది ఈ ఒక్క వంపులోనే. వీపు వైపు సూర్యుడు. చీతా నడిచొచ్చే నేల మా చక్రాల కన్నా కాస్త ఎత్తు. వెనక అడ్డంగా ఏ చెట్టూ లేదు.

నలభై నిమిషాలు కాచుకున్నాం. ఈ కాచుకోవడంలో నలుగురి పనితనం ఉంది. 600 మి.మీ. లెన్సు జంతువును దగ్గరికి తెచ్చినంతగా వణుకును కూడా పెంచుతుంది. వెనక సీటులో ఒకరు కాలు మీద కాలు వేసుకుంటే ముందు సీటువాళ్ళ ఫ్రేము ఊగిపోతుంది. అందుకని మొదటి రోజే కట్టుబాటు చేసుకున్నాం: లేవాలంటే ముందు చెప్పాలి, ఒకరు నొక్కుతుంటే మిగతావాళ్ళు కదలకూడదు. నడిచే జంతువుకు షట్టర్ వేగం సెకనులో ఐదువందలో వంతు చాలు. పరుగెత్తితే రెండువేలో వంతు కావాలి. పరుగును పరుగులాగే చూపాలంటే నలభయ్యో వంతుకు దించి, నడుము తిప్పుతూ జంతువు వేగంతో సమంగా కెమెరా తిప్పాలి. తల నిలిచి, కాళ్ళూ గడ్డీ గీతలైపోతాయి. పదికి ఒకటి కుదిరితే గొప్ప. ఏది జరిగినా సిద్ధంగా ఉండేలా ఒక్కొక్కరం ఒక్కో వేగం పెట్టుకున్నాం.

చీతా పుట్ట దిగింది. తల భుజాల కన్నా కిందికి వంచి, ఒక్కో పాదం చూసి చూసి వేస్తూ సరిగ్గా మా ఎదుటి గడ్డిలోకి వచ్చింది. ముప్పై మీటర్ల దూరంలో ఆగి తలెత్తింది. నాలుగు కెమెరాలు కలిసి మోగాయి. అంతలో జింకల్లో ఒకటి పసిగట్టింది. మందంతా తలలెత్తి నిలబడింది. చూసేసిన జింకల వెంట పడి ప్రయోజనం లేదని తెలిసినట్టు చీతా అక్కడే చతికిలబడి ముంజేతులు నాక్కోవడం మొదలుపెట్టింది. వేట జరగలేదు. మాకు కావలసింది అప్పటికే దొరికింది.

ఈ పనితనంలో ఎంత దగ్గరికి పోవాలో తెలియడం ఎంత ముఖ్యమో, ఎక్కడ ఆగాలో తెలియడమూ అంతే. అది బాగా కనిపించేది మారా నది రేవుల్లో. ఇంచుమించు జూలై నుంచి అక్టోబరు దాకా సెరెంగెటి నుంచి వచ్చే లక్షలాది వైల్డబీస్ట్‌లు, జీబ్రాలు ఈ నదిని దాటుతాయి. మంద గట్టు మీద గంటల తరబడి కూడుతుంది. ఒకటి నీళ్ళ దాకా దిగి వెనక్కి గెంతుతుంది. దుమ్ము లేస్తుంది, సర్దుకుంటుంది. ఆ సమయంలో ఏ బండైనా గట్టుకు దగ్గరగా పోయిందా, మందంతా బెదిరి వెనుదిరుగుతుంది. మంచి గైడు దూరంగా, మందకు ఎదురు గట్టు వైపు, వాటి దారికి అడ్డం రాకుండా నిలుపుతాడు. ఎదురు గట్టయితేనే ముఖాలు కనిపిస్తాయి, దూకే గట్టు నుంచి వీపులే. మొదటి జంతువులు ఈత అందుకుని వెనక వరస ఆగకుండా దూకడం మొదలయ్యాకే ఇంజను తిప్పుతాడు. సింహాలూ చిరుతల దగ్గర ఐదు బండ్లకు మించకూడదనే నియమానికీ ఆయన అంతే విలువిచ్చేవాడు. ఆరో బండి మాదైతే కనుచూపు మేరలో ఆగి వంతు కోసం చూసేవాడు. కెన్యాలో గైడ్ల సంఘం పరీక్షలు పెట్టి కంచు, వెండి, బంగారు అని మూడు మెట్లు ఇస్తుంది. ఆయన చొక్కాకు వెండి బిళ్ళ ఉండేది.

ఆ మూడో రోజు మధ్యాహ్నం క్యాంపులో లెన్సుల దుమ్ము ఊదుకుంటూ, ల్యాప్‌టాప్‌లో పొద్దుటి చీతాను తెరిచాం. కన్నీటి చారల్లాంటి రెండు నల్లగీతల మధ్య ముఖం, వెనక కరిగిపోయిన కొండలు. కంటిని పెద్దది చేస్తూ పోయాం. నల్లటి పాప మీద తెల్లటి గీతలా తూర్పు ఆకాశం, ఆ గీత నడుమ నాలుగైదు పిక్సెళ్ళ చిన్న మచ్చ. అది మా బండి. సూర్యుడికీ చీతాకీ మధ్య ఆయన ఎక్కడ ఆపాడో అక్కడే అచ్చుపడి ఉంది.

టీ కప్పు పట్టుకుని అటుగా వచ్చిన గైడును పిలిచి చూపించాం. వంగి చూశాడు. ఆయన చూపు కంటి మీద నిలవలేదు, ఫ్రేము కింది మూలకు పోయింది. అక్కడ ఒక గడ్డిపోచ చీతా ముందరి పాదానికి సన్నగా అడ్డం వచ్చింది. మేమెవరమూ అప్పటిదాకా దాన్ని చూడలేదు.

“ఒక గజం ముందుకు ఆపాల్సింది,” అన్నాడు.