పద్మ ప్లగిన్: గుణదోష విచారణ

కంప్యూటరు ప్రోగ్రాములను గూర్చి వ్రాయువారు తరచుగా అవి ఏమి చేయునో చెప్పి ఊరకుందురు; ఎట్లు చేయునో విచారింపరు. చాల ప్రోగ్రాముల లోపలి వ్రాత, అనగా కోడు, మనకు కనబడకపోవుటయే ఇందుకు కారణము. కోడును అందరికిని చూపి, దానిని దిద్దుకొనుటకును, మరల పంచుకొనుటకును అనుమతి యిచ్చువానిని ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములందురు. ఇట్టివానిని గ్రంథమును విమర్శించినట్లే లోతుగా విమర్శింపవచ్చును.

అట్లు పరిశీలింపదగిన తెలుగువారి కృతి ఒకటి కలదు. అది నాగార్జున వెన్న రచించిన 'పద్మ'. ఇది ఫైర్‌ఫాక్స్ బ్రౌజరునకు తగిలించుకొనుటకై వ్రాయబడిన ప్లగిన్. పెద్ద ప్రోగ్రామునకు అదనపు శక్తి నిచ్చు చిన్న ప్రోగ్రామునే ప్లగిన్ అందుము.

దీని యవసర మెట్లు కలిగినదో మొదట చూతము. కంప్యూటరునకు అక్షరములు తెలియవు, అంకెలే తెలియును. 1991లో వెలువడిన యూనికోడు ప్రమాణము ప్రతి తెలుగు అక్షరమునకు ఒక సంఖ్యను నిర్ణయించినది. 'క' అనగా 3093. పొల్లు అనగా 3149. కాని ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో ఈనాడు, వార్త మొదలగు పత్రికలు ఇంటర్నెట్టులో దేనికది తన ఫాంటునే వాడెడివి. ఆ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు అక్షరపు తునకలను కూర్చెడివారు. ఫాంటు లేని కంప్యూటరులో వార్తకు బదులు అర్థములేని ఇంగ్లీషు అక్షరములు కనబడెడివి. ఒక పత్రిక ఫాంటు వేరొక పత్రికకు పనికిరాదు.

పద్మ ఈ పుటలను యూనికోడులోనికి మార్చి చూపెడిది. ఇందుకు ఒక్కొక్క ఫాంటునకు ఒక్కొక్క పట్టిక కావలెను. అయితే పట్టిక మాత్రమే చాలదు. 'క్రి' అను అక్షరమును తీసికొనుడు. కంటికి కనబడు వరుసలో మొదట 'కి', పిమ్మట రకారపు వత్తు ఉండును. యూనికోడులో క, పొల్లు, ర, గుడి అను వరుస ఉండవలెను. అనగా ముందు వచ్చిన గుడిని వత్తు దాటించి చివరకు చేర్చవలెను. అందుచేత ఈ ప్రోగ్రాములో సగము గణితమైనచో, సగము మనము రెండవ తరగతిలో నేర్చుకొన్న గుణింతమే.

ఈ కృతిలోని ప్రధాన గుణము ఇచటనే కలదు. జి.పి.ఎల్. అను అనుమతిపత్రముతో కోడును బయట పెట్టుటచేత, క్రొత్త ఫాంటు ఎదురైనపుడు ఎవరైనను దాని పట్టికను వ్రాసి చేర్చుటకు వీలు కలిగినది. తెలుగుతో మొదలైన పని తమిళము, మలయాళము మొదలగు భాషలకును వ్యాపించినది.

ఇక దోషము. పద్మ బ్రౌజరు లోపలి నిర్మాణమును ఆశ్రయించి నిలిచినది. 2017 నవంబరులో వెలువడిన ఫైర్‌ఫాక్స్ 57వ కూర్పు ఆ నిర్మాణమును విడిచిపెట్టినది; ఆ పద్ధతిలో వ్రాసిన ప్లగిన్‌లన్నియు దానిలో పనిచేయకుండెను. ఓపెన్ సోర్స్ అన్నంత మాత్రమున ప్రోగ్రాము చిరంజీవి కాదు. అనుమతిపత్రము దిద్దుకొను హక్కు నిచ్చును గాని దిద్దు మనుష్యుల నీయదు. ఓపెన్ సోర్స్‌ను పొగడువారు ఈ భేదమును తరచుగా మరతురు.

పెద్ద పత్రికలు యూనికోడునకు మారినవి కదా, ఇక దీనితో పనియేమి అని కొందరు అడుగవచ్చును. విజయవాడ మొదలు మా మైలవరము వరకు డి.టి.పి. దుకాణములలో నేటికిని అను ఫాంట్లు వాడుకలో నున్నవి. ప్రశ్నపత్రములు, పాఠములు, పుస్తకములు ఎన్నియో వానిలో కూర్పబడినవి. అచ్చులో అందముగా నుండును. కాని కంప్యూటరులో ఒక మాటను వెదకిన దొరకదు. అంతకంటె పెద్ద నష్టము చూపులేని విద్యార్థికి కలుగుచున్నది. ఎన్.వి.డి.ఏ. వంటి ఉచిత ప్రోగ్రాము యూనికోడు తెలుగును పైకి చదివి వినిపించును. అదే పాఠము పాత ఫాంటులో నున్నచో దానికి వినబడునది అర్థములేని ఇంగ్లీషు అక్షరముల వరుస.

కావున పద్మలో విలువైనది బ్రౌజరునకు తగిలించిన భాగము కాదు. పట్టికలును, అక్షరములను సరిచేయు సూత్రములును. కోడు తెరచి యున్నందున వానిని వేరుచేసి, అదే అనుమతిపత్రముతో, క్రొత్త ప్రోగ్రామున చేర్చవచ్చును. మూసిన ప్రోగ్రాము పనిచేయుట మానినపుడు ఈ యవకాశమైనను ఉండదు.

ఉన్నత పాఠశాలలో ఈ పనిని ఆరంభింపవచ్చును. తెలుగు ఉపాధ్యాయుడును, కంప్యూటరు నేర్చిన విద్యార్థులును కలిసి ఒక పాత ఫాంటులో వర్ణమాలను, గుణింతమును, వత్తులను టైపు చేయవలెను. ఒక్కొక్క తునక సంఖ్యకు ఎదురుగా యూనికోడు సంఖ్యను వ్రాయవలెను. 'స్త్రీ', 'క్రియ', 'రాష్ట్రము' వంటి మాటలతో పట్టికను పరీక్షింపవలెను. తప్పు వచ్చిన చోటనే లిపిని గూర్చియు, ప్రోగ్రామును గూర్చియు నిజమైన పాఠము దొరకును. తయారైన పట్టికను మరల అందరికిని ఇచ్చినచో, చూపులేని సహపాఠి తన పాఠమును తానే వినగలుగును.