రఘువంశమున సముద్రతీరమార్గము

రఘువంశము చదువని సంస్కృతవిద్యార్థి లేఁడు. అయినను నందలి చతుర్థసర్గము రెండే విధముల వినియోగింపఁబడుచున్నది. అధ్యాపకులు సమాసములను నలంకారములను జూపి విడుతురు. చారిత్రకులు రఘుని దిగ్విజయమును ప్రయాగస్తంభశాసనమునందలి సముద్రగుప్తుని దక్షిణయాత్రతోఁ బోల్చి కవికాలమును నిర్ణయింపఁ జూతురు. నడుమనున్న పొలములును, దోఁటలును, సముద్రపుటొడ్డును నెవ్వరి కంటను బడవు. ఎవ్వరైనఁ బ్రశ్నించినచో, హిమాలయమున భూర్జమును, మలయమునఁ జందనమును, దీరమునఁ దాళమును జెప్పుట కవుల యాచారమే కాని చూచి చెప్పుట కాదని ప్రత్యుత్తరము సిద్ధముగా నుండును. రాజశేఖరుఁడు కావ్యమీమాంసలో దేశవిభాగముచేసి యాయా దేశములందుఁ బుట్టు వస్తువులను బట్టికగా నిచ్చుట యీ మాటకు బలమైనది. కాని రాజశేఖరుఁడు క్రీ.శ. 900 ప్రాంతమువాఁడు, కాళిదాసునకుఁ బెక్కుతరములు తరువాతివాఁడు. పట్టికనుండి కావ్యము పుట్టెనా, కావ్యములనుండి పట్టిక పుట్టెనా యని విచారింపకయే తీర్పు చెప్పుట తగదు. విచారణమునకు సాధనము కవి వాడిన పదములే.

రఘుఁడు శరత్తున బయలుదేఱును. అప్పుడు వరిచేలు కాచు స్త్రీలు చెఱకునీడను గూర్చుండి రాజుకీర్తిని బాడుచుందురు. ఇచట 'ఇక్షుచ్ఛాయ' మను పదము వైయాకరణులకుఁ జిరపరిచితము. బహుత్వము తోఁచునప్పుడు ఛాయాశబ్దాంతమైన తత్పురుషమునకు నపుంసకత్వము పాణిని విధించెను (2-4-22). వృత్తికారులు దాని కిచ్చిన యుదాహరణములలో నిదియు నొకటి. కొన్ని ప్రతులలో దీర్ఘాంతమగు పాఠము కలదు. భట్టోజిదీక్షితుఁ డచట 'ఆ' యను నుపసర్గమును విడఁదీసి, యంతటను గూర్చున్నవారని యర్థముచెప్పి సూత్రమును గాపాడెను. మల్లినాథుఁడు స్త్రీలింగపాఠమును గూడ నంగీకరించి, యప్పుడు విగ్రహ మేకవచనముతోఁ జేయవలె ననెను. శాస్త్రదృష్టి రెండును జెల్లును. చేనిదృష్టి చూడుఁడు: ఒక్క చెఱకుగడ నీడను బిచ్చుకయైన నిలువదు. గడలు గుంపుగా నిలిచి, యాకులు పైని గలిసికొన్నప్పుడే మనిషి కూర్చుండఁదగిన నీడ యేర్పడును. దీక్షితుల విభాగమున నపుంసకత్వము నిలుచుచున్నది గనుక నీడయు నిలుచును. మల్లినాథుని రెండవ పక్షమున స్త్రీలు నిలువున నెండలోనే యుందురు. వరిమడి ప్రక్కనే చెఱకుతోఁట యుండుటయు, గింజ పాలుపోసికొను దినములలోఁ జిలుకలను దోలుటకుఁ గావలి వలయుటయు నేదేని యాచారగ్రంథమునఁ జెప్పినవి కావు.

వంగరాజులను బెఱికి మరల నిలిపినందులకుఁ గవి కలమధాన్యమును బోల్చెను. నారు పెఱికి నాటినఁగాని ఫలింపని పైరును గుఱించి యింతకంటె వ్యాఖ్యానము వలదు. ఈ దేశపు రైతు వినినంతనే గ్రహించును.

అసలు విచారింపవలసినది కళింగతీరము. అది నాల్గవ సర్గమునఁ గంటెను ఆఱవ సర్గమున నిండుగా నున్నది. ఇందుమతికి సునంద కళింగాధిపతియగు హేమాంగదునిఁ జూపుచు, నతని మేడకిటికీలనుండి యలలు కనఁబడు ననియు, సముద్రఘోషమే యతనిని మేల్కొలుపు ననియుఁ జెప్పి, యతనితోఁగూడఁ దాళీవనములు మ్రోయు తీరములందు విహరింపు మనును. ఇచట కవి 'మర్మర' శబ్దమును వాడెను. అమరసింహుఁడు దీనిని బట్టలయు నాకులయుఁ జప్పుడునకు మాత్రమే చెప్పెను. అలలమ్రోఁతకుఁ గాని, గాలిహోరునకుఁ గాని యది చెల్లదు. బిఱుసైన యాకు బిఱుసైన యాకును రాచికొనునప్పటి పొడిచప్పు డది. తాళశబ్దమును దాళీశబ్దమును నిఘంటువున వేఱువేఱుగాఁ జదువఁబడినవి గనుక 'తాళి' యే వృక్షమని వాదింపవచ్చును. విసనకఱ్ఱవంటి యాకుగల చెట్టేదైనను నీ చప్పుడు పుట్టును. సన్నని రెమ్మలుగల కొబ్బరిమట్ట కిది రాదు. కవి కొబ్బరి నెఱుఁగక కాదు. మహేంద్రగిరియొద్ద రఘుని యోధులు తమలపాకులు కూర్చుకొని నారికేళాసవము త్రావిరని యతఁడే నాల్గవ సర్గమునఁ జెప్పెను. కొబ్బరిని ద్రాగుటకును, దాళమును వినుటకును బెట్టిన కవి వస్తువుల పట్టిక నప్పగించినవాఁడు కాఁడు.

ఆ మహేంద్రగిరి నేఁడు ఒడిశాలోని గజపతిజిల్లాయందున్నది. శ్రీకాకుళముజిల్లా మందసప్రాంతమున నిలిచి చూచువారి కది కనఁబడుచునే యుండును. అందుఁ బుట్టిన మహేంద్రతనయ బారువయొద్ద సముద్రమునఁ గలయును. ఆ తీరపు టుద్దానమునందలి కొబ్బరితోఁటలలోఁ బెక్కింటిని 2018 అక్టోబరు 11వ తేదిని దిత్లీతుపాను కూల్చినది. ఇప్పుడచటఁ బ్రసిద్ధమైన జీడిమామిడి పోర్చుగీసువారివెంట వచ్చినది గనుక దానిని రఘువంశమున వెదకఁ బనిలేదు. తాటిచెట్లు మాత్ర మిసుకదిబ్బలపై నున్నవి, గాలికి మర్మరించుచునే యున్నవి.

అదే శ్లోకమున ద్వీపాంతరములనుండి లవంగపుష్పములను దెచ్చు గాలులు విహరించువారి చెమట నార్చు ననుట కొందఱు హాస్యాస్పద మందురు. అన్యద్వీపమే ద్వీపాంతరము, మయూరవ్యంసకాదిసమాసము. లవంగము పుట్టినిల్లు తూర్పుదీవులు. అమ్మకమునకు వచ్చునదియు వికసింపని మొగ్గయే గనుక పుష్పశబ్దము తప్పుకాదు. తప్పున్నచో నోడలు తెచ్చినదానిని గాలి తెచ్చెననుటయందే యున్నది. కళింగపు రేవులకు దీవులతోఁగల వర్తకమును గవి యెఱిఁగియుండెను. ఓడను మాత్రము మ్రింగివేసెను. ఇది కావ్యమున క్షంతవ్యము.

పదుమూఁడవ సర్గమున రాముఁడు దక్షిణసముద్రతీరమును బుష్పకమునుండి సీతకుఁ జూపును. అచటను దాళీవనములున్నవి, కాని నల్లనివని మాత్రమే చెప్పఁబడినవి. ఇనుపచక్రపు టంచునఁ బట్టిన త్రుప్పుగీఱవలె వేల సన్నగాఁ గనఁబడును. ఆకసమునుండి చూచువారికి రంగు గలదు, చప్పుడు లేదు. ఒడ్డున నడచువారికిఁ జప్పుడు గలదు. ఒకే జాతి వనములకు నిట్టి భేదము పాటించిన కవి పట్టికను జూచి వ్రాసె ననుట సాహసము. కన్నులారఁ జూచెనా, చూచినవారివలన వినెనా యనునది వేఱు ప్రశ్నము.

ఇంతటి కవియందు నాంధ్రపాఠకుని కొక వెలితి తోఁపక మానదు. మహేంద్రమును జయించిన పిమ్మట రఘుఁడు ఫలించిన పోఁకమ్రాఁకుల వరుసగల వేలాతటముననే యగస్త్యునిదిక్కునకుఁ బోయెను. వేలయన సముద్రజలము పొంగుటయుఁ దగ్గుటయు. కాలమును మేరయుఁ గూడ. అవధారణార్థకమైన యేవకారముచేత లోపలిబాట నిషిద్ధము. నీరు తగ్గి విడిచిన గట్టియిసుకపైనే సేన నడచినదని యర్థము. పోఁక యుప్పునేల నోర్వదు. అందుకే కవి వనమనక మాల యనెను. ఒడ్డుననుండి చూచువానికి లోపలితోఁటల యంచు మాత్రమే వరుసగాఁ గనఁబడును. పదములన్నియుఁ దూఁచినట్లున్నవి. కాని మఱుసటి శ్లోకముననే కావేరి! నడుమ సుమారెనిమిది యక్షాంశముల తీర మొక్క యనుష్టుప్పునఁ గడచినది. కపిశానది నేనుఁగుల వంతెనతో దాఁటించిన కవి, యంతకంటె మిక్కిలి పెద్దవియగు గోదావరీకృష్ణలను సేన యెట్లు దాఁటెనో చెప్పలేదు. నదులన్నియుఁ జెప్పవలెనా యను సమాధానము చాలదు. దండయాత్రలో నది వర్ణనాంశము గాదు, అడ్డంకి. కళింగము గోదావరిదాఁక వ్యాపించియుండెను గనుక వేఱుగాఁ జెప్పలేదందురా, కృష్ణకును బినాకినికిని నా సమాధానము లేదు. మహేంద్రమునకు దక్షిణముగాఁ గావేరివఱకుఁగల తీరమును గుఱించి కవికిఁ బోఁకమ్రాఁకుల వార్త తప్ప మఱేమియు నందలేదని యొప్పుకొనుట ఋజుమార్గము. గోదావరి పదుమూఁడవ సర్గమునఁ గలదు. విమానపు గంటల సవ్వడి విని యందలి సారసపంక్తు లెదురువచ్చును. అది పంచవటిచేరువ గోదావరి. సాగరసంగమపు గోదావరి రఘువంశమున లేదు.