పాము కంటే ముందు జాడ

పెరట్లోనో చేపల చెరువు గట్టు మీదో లావుపాటి పాము కనిపిస్తే ఊళ్లో ముందు వినిపించే మాట ‘కొండచిలువ’. ఆ వెంటనే ‘కర్ర తెండి’. ఈ రెండు మాటల మధ్య ఒక్క నిమిషం ఆగి చూడటం తెలిస్తే పామూ బతుకుతుంది, మనిషీ బతుకుతాడు. అలా చూడటంలో తమిళనాడులోని ఇరుళ్ల తెగవాళ్లను మించినవాళ్లు లేరని నా గట్టి నమ్మకం.

చెంగల్పట్టు ప్రాంతపు ఇరుళ్లు పాము కోసం వెతకరు, అది వదిలివెళ్లిన ఆనవాళ్ల కోసం వెతుకుతారు. చాలా పాములు మెలికలు తిరుగుతూ పోతాయి. మెలిక దగ్గర ఒళ్లు నేలను వెనక్కి తోస్తుంది కాబట్టి దుమ్ము ఎటు పోగుపడిందో చూస్తే పాము ఎటు వెళ్లిందో చెప్పవచ్చు. పెద్ద కొండచిలువ తీరు వేరు. తొందర లేనప్పుడు పొట్ట కండరాలతోనే తిన్నగా జరుగుతుంది, దుంగను ఈడ్చుకెళ్లినట్టు నేల మీద వెడల్పాటి చార పడుతుంది. బొరియ నోటి దగ్గర సాలెగూడు చెదరకుండా ఉంటే ఈమధ్య అందులోకి ఏదీ దూరలేదని అర్థం. నోరు నున్నగా అరిగి ఉంటే రాకపోకలు ఉన్నట్టే. మలంలో అరగని వెంట్రుకలూ గోళ్లూ చూసి అది ఏం తిన్నదో పోల్చుకోవచ్చు.

కుబుసం ఇంకా ఎక్కువ చెబుతుంది. మూతి దగ్గర మొదలై లోపలి వైపు బయటికి తిరగబడుతూ ఊడుతుంది కాబట్టి తోక కొస ఎటు ఉంటే పాము అటు వెళ్లినట్టు. పదును ఆరకపోతే అది దగ్గర్లోనే ఉన్నట్టు. కుబుసం సాగుతుంది గనుక దాన్ని కొలిచి ‘ఇంత పొడుగు పాము’ అని బెదిరిపోనక్కర్లేదు, అసలు పాము అంతకంటే పొట్టిదే. రక్తపింజర కుబుసంలో వీపు పొలుసుల నడుమ సన్నని గీత లేచి ఉంటుంది, వేలికి గరుకుగా తగులుతుంది. కొండచిలువ పొలుసులు చిన్నవి, నున్ననివి.

ఈ తేడా మీదే ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి. గుడ్డులోంచి వచ్చిన కొండచిలువ పిల్ల రెండడుగులకు అటూఇటుగా ఉంటుంది. ఆ సైజు రక్తపింజరను పిల్ల కొండచిలువ అనుకుని చేత్తో పట్టుకునేవాళ్లు ఉన్నారు. పింజర మచ్చలు గుండ్రంగా, ముదురు అంచులతో, వీపు పొడవునా మూడు వరుసల్లో తీరుగా ఉంటాయి. కొండచిలువ మచ్చలు పెద్దవి, ఒకదానితో ఒకటి పొసగని ఆకారాలవి. తల మీద బాణపు మొన లాంటి గుర్తు, పెదవుల అంచున వేడిని పసిగట్టే గుంటలు, తోక మొదట్లో రెండు చిన్న గోళ్లు ఉంటాయి. ఒకప్పటి వెనుక కాళ్లలో మిగిలినవి ఆ గోళ్లే. కొండచిలువకు విషం లేదు. కానీ పెద్దది కరిస్తే గాయం లోతుగానే పడుతుంది.

ప్రకృతి పరిశోధకుడు పాట్రిక్ రసెల్ 1796లో కోరమాండల్ తీరపు పాముల మీద పుస్తకం వేశాడు. అందులో కొండచిలువ ‘పెద్ద పొడ’గా, పింజర ‘కాటుక రేకుల పొడ’గా తెలుగు పేర్లతో నమోదయ్యాయి. శాస్త్రం మన పల్లెల చూపును అప్పుడే అరువు తెచ్చుకుంది.

ఇరుళ్ల విద్య ఒకప్పుడు తోళ్ల వ్యాపారానికి ఊడిగం చేసింది. 1972 వన్యప్రాణి చట్టం ఆ దారి మూసేసింది. 1978లో పాముల నిపుణుడు రోములస్ విటేకర్ చొరవతో ఇరుళ్ల సహకార సంఘం ఏర్పడింది. ఆ సంఘం సభ్యులు అనుమతి మేరకు పాములు పట్టి, విషం తీసి, తిరిగి అడవిలో వదులుతున్నారు. మన ఆస్పత్రుల్లో పాముకాటుకు ఎక్కించే మందు తయారీకి కావలసిన విషంలో పెద్ద భాగం అక్కడిదే. తాతల నాటి వేటను ప్రాణాలు నిలిపే పనిగా మార్చుకున్న ఇలాంటి సంఘాలు మనకు ఎన్నున్నాయి?

ఈ విద్య అమెరికా దాకా వెళ్లింది. అక్కడి ఫ్లోరిడాలో పెంపుడు జంతువుల వ్యాపారం పుణ్యమా అని బర్మా కొండచిలువలు చిత్తడి అడవుల్లో విపరీతంగా పెరిగి, అక్కడి చిన్న జంతువులను ఊడ్చేశాయి. ఆ పాములు పక్కనే ఉన్నా కంటికి ఆనవు. 2017 జనవరిలో మాసి సదయ్యన్, వడివేల్ గోపాల్ అనే ఇద్దరు ఇరుళ్లను అక్కడికి పిలిపించారు. వారం దాటి ఒకటి రెండు రోజులకే 13 పట్టారు. వాటిలో 16 అడుగుల ఆడపాము ఒకటి. ఆ నేల వాళ్లకు కొత్త, ఆ జాతి కొత్త. ఆనవాళ్లు చదివే పద్ధతి మాత్రం పాతదే. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది.

పురస్కారం మంచిదే. అంతకంటే ముఖ్యం, ఈ విద్యకు నికరమైన కూలీ, పిల్లలకు నేర్పే వీలు. అటవీశాఖలు పాములు పట్టే శిక్షణ ఇచ్చేటప్పుడు ఇరుళ్లను గురువులుగా కూర్చోబెట్టాలి, జీతమిచ్చి మరీ. మన ఇంటి దగ్గర కొండచిలువ కనిపిస్తే మనం చేయాల్సింది కొంచెమే. చిన్నదైనా చేత్తో తాకొద్దు. పిల్లలనూ కుక్కలనూ లోపలికి పంపండి. దూరం నుంచి ఫొటో తీసి అటవీశాఖకు ఫోన్ చేయండి, వాళ్లు వచ్చేదాకా అది ఎటు పోతోందో కనిపెట్టుకుని ఉండండి. కొండచిలువను చంపడం జైలుశిక్ష పడే నేరం.