ఉత్తరాంధ్రపు పలుకుబడియు యంత్రలిపియు

వాడుకభాషకు అంతర్జాలము పట్టము గట్టినదనియు, గిడుగువారి యుద్యమఫలము నేటి ఫోనులయందు సంపూర్ణముగా సిద్ధించినదనియు కొందఱు తలంచుచున్నారు. ఈ యభిప్రాయము సగము మాత్రమే సత్యము. తక్కిన సగమును శ్రీకాకుళ విజయనగర ప్రాంతముల యుదాహరణములతో పరిశీలించుట ఈ వ్యాసమున కుద్దేశము.

గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు (1863–1940) పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి, సవరల పలుకును వారి నోటనే విని నేర్చిరి. వారి సవరభాషా వ్యాకరణము 1931లోను, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడినవి. వ్యాకరణగ్రంథపు పేరునందే ‘సోరా’ శబ్దమునందలి అచ్చుల దీర్ఘమును తెలుపుటకు ప్రత్యేక చిహ్నము నుంచిరి. ఆ కృషిలో చెవి మొదటిది, అక్షరము రెండవది.

నేటి ఫోనువ్రాతలో ఈ క్రమము తలక్రిందైనది. తెలుగును రోమను లిపిలో వ్రాయువారు కల, కళ యను మాటలను ఒకే తీరున వ్రాయుదురు. మాట, మాత యనువానికిని ఇదే గతి. ఉత్తరాంధ్రమున ఆడపిల్లను ‘గుంట’ యందురు. రోమను లిపిలో ఆ మాటకును, గొయ్యి యను నర్థముగల ‘గుంత’కును భేదము కనబడదు. ఎఱిగినవాడు సందర్భమునుబట్టి గ్రహించును. ఎఱుగనివానికి మాండలికపదమే మాయమగును. మాట్లాడినట్లు వ్రాయుట వేఱు, పలికిన ధ్వనిని నిలుపుట వేఱు.

తెలుగులిపిలో వ్రాసినను చిక్కు పూర్తిగా తీఱదు. యూనికోడు మొదటి కూర్పునందే, అనగా 1991లోనే, తెలుగు చేరినది. కాని దంత్యములగు ౘ, ౙ లకు 2008లో గాని స్థానము లభింపలేదు. అదియునుగాక, వ్రాయుచుండగా ఫోను సూచించు పదములు అదివఱకు విస్తారముగా పోగైన వ్రాతనుండి ఏర్పడునవి. ఆ రాశిలో ‘ఏమిటి’ హెచ్చు, ‘ఏటి’ తక్కువ. ‘నేను’ హెచ్చు, ‘నాను’ తక్కువ. కావున యంత్రము ఎవరిని శాసింపకయే అందఱిని ఒక్క త్రోవకు మరల్పగలదు. పూర్వము పండితుడు చేసిన దిద్దుబాటును ఇప్పుడు సూచన చేయుచున్నది.

ఇక సంరక్షణవిషయము. కాళీపట్నం రామారావుగారు 1997లో శ్రీకాకుళమున స్థాపించిన కథానిలయము తెలుగుకథకు పెన్నిధి. అందలి కథలనేకము ఛాయాప్రతులుగా అంతర్జాలమున చదువ లభించుచున్నవి. దూరదేశమున నున్న పరిశోధకునకు ఇది మహోపకారము. అయినను ఛాయాప్రతి బొమ్మయే గాని పాఠము కాదు. చాసో, రావిశాస్త్రి, కారాల కథలలో ఒకానొక మాండలికపదము ఎచ్చటెచ్చట వచ్చినదో బొమ్మను వెదకి తెలిసికొనజాలము. బొమ్మను పాఠముగా మార్చునపుడు మఱియొక యపాయము గలదు: ఆ పలుకుబడి నెఱుగని పరిష్కర్త ‘ఏటి’ని అచ్చుతప్పుగా భావించి ‘ఏమిటి’గా దిద్దవచ్చును. అట్లు దిద్దిన పాఠమే రేపటి యంత్రమునకు ప్రమాణమగును.

కూర్పును పేర్కొనుటయు నావశ్యకమే. విజయనగరమున 1892లో ప్రదర్శితమైన కన్యాశుల్కము 1897లో అచ్చయినది. 1909నాటి కూర్పు దానికి మిక్కిలి పెంచి తిరుగవ్రాసిన రూపము. ఏ కూర్పో చెప్పక అంతర్జాలమున నుంచిన పాఠముపై భాషాచరిత్రను నిర్మించుట యిసుకపై గోడ కట్టుటయే.

లిపికి సంకేతసంఖ్య లభించినంతమాత్రమున భాషకు రక్ష కలుగదు. మంగేయి గొమాంగో 1936లో రూపొందించిన సోరా సొంపెంగ్ లిపి 2012లో యూనికోడునందు చేరినది. కాని ఆ భాషలో నిత్యము వ్రాయువారును, చదువువారును ఉన్నగాని ఆ చేరిక సార్థకము కాదు.

కావున పరిశోధకవిద్యార్థులు చేయదగిన పనులు మూడు: ఛాయాప్రతి ప్రక్కనే దిద్దని పాఠము నుంచుట, కూర్పును సంవత్సరముతో పేర్కొనుట, పల్లెలలోని వృద్ధుల మాటను ధ్వనిరూపమున భద్రపఱచి దానికి పదసూచి కూర్చుట. మొదటి రెండును ఆలస్యమైనను చేయవచ్చును. మూడవది ఆ పెద్దలు జీవించియుండగనే జరుగవలెను.