నలగని బొంత

పుష్యమాసంలో తెల్లవారుజామున మూడు గంటలకు బుచ్చిరెడ్డిపాలెం మళ్ళ మీద మంచు దిగుతుంది. మా నెల్లూరు వైపు వరి అప్పటికి పచ్చగానే ఉంటుంది, కోతలకు ఇంకా సమయం ఉంటుంది. మడి నిండా నీళ్ళు. కనిగిరి రిజర్వాయరు కాలువల మీదుగా, ఆ మళ్ళ మీదుగా వచ్చే గాలి మామిడి తోపులోకి దూరేసరికి తడిగుడ్డ విదిలించినట్టు తగులుతుంది. థర్మామీటరు మాత్రం 20 డిగ్రీలు చూపిస్తుంది. కొండల మీది లంబసింగి మనిషి దాన్ని చలి అనడు. కానీ ఆ తోపులో రెండు చెట్ల మధ్య ఊయల కట్టుకుని పడుకుని చూడండి. పైన రగ్గు ఉంటుంది, రొమ్ము వెచ్చగా ఉంటుంది, వీపు మాత్రం బావిగట్టు రాతికి ఆనించినట్టు చల్లబడిపోతుంది.

ఊయలలో రాత్రిళ్ళు గడిపే అలవాటున్నవాళ్ళు చెప్పే లెక్క ఒకటుంది. 20, 21 డిగ్రీల కిందికి వస్తే వీపుకి అడుగున ఏదో ఒకటి కావాలి. సరిగ్గా మా బుచ్చి చలి ఆ గీత మీదే నిలబడి ఉంటుంది.

కారణం ఇది. నేల మీద పడుకున్నవాడికి కింద నేల ఉంది, కాసేపటికి అది ఒంటి వేడికి సర్దుకుంటుంది. ఊయలలో పడుకున్నవాడి కింద గాలి తప్ప ఏమీ లేదు. ఆ గాలి పలుచని గుడ్డ అడుగున రాసుకుంటూ పోతూ వెచ్చదనాన్ని తోడుకుపోతూనే ఉంటుంది. స్లీపింగ్ బ్యాగులో దూరితే సరిపోతుందనుకుంటాం. దాని పైభాగం పొంగే ఉంటుంది, వీపు కింది భాగం ఒంటి బరువుకి అట్టలా అయిపోతుంది. వెచ్చదనం దూదిలో లేదు, ఈకలోనూ లేదు. వాటి మధ్య కదలకుండా చిక్కుకున్న గాలిలో ఉంది. నలిగినచోట ఆ గాలి ఉండదు.

అందుకని ఎవరో పుణ్యాత్ములు వీపు కింద వేసుకునే బొంతను ఊయల లోపలినుంచి తీసి బయట, అడుగున, వేలాడదీశారు. అండర్‌క్విల్ట్ అని దాని పేరు. నేను అడుగుబొంత అంటాను. ఊయలకు ఊయలలా, దాని కిందుగా, రెండు కొసల్లో సాగే తాళ్ళతో వేలాడుతుంది. ఎంత వేలాడినా పైనున్న గుడ్డను తాకుతూనే ఉంటుంది. మనిషి బరువంతా ఊయలదే. బొంత ఏమీ మొయ్యదు. మొయ్యదు కాబట్టి నలగదు, నలగదు కాబట్టి కాస్తుంది. చలి కాచుకోవడానికీ కాపు కాయడానికీ తెలుగులో ఒకే మాట ఉండడం ఈ వస్తువును చూశాకే నాకు పూర్తిగా అర్థమైంది.

ఇది మనకు బొత్తిగా కొత్తదని అనలేను. నులక మంచం ఊయలకు తోబుట్టువే, తాళ్ళ సందుల్లోంచి అడుగుగాలి దానిలోకీ వస్తుంది. చలికాలం వసారాలో పడుకున్న మా అవ్వ, ‘వీపున గాలి కొడతా ఉండాది రా అబ్బయా, ఇంకో బొంత తీసకరా’ అనేది. పాత చీరలు నాలుగైదు పొరలుగా పరిచి, అంచునుంచి లోపలికి పొడుగు కుట్లు వేసుకుంటూ వచ్చిన బొంత. నేను తెచ్చి పరిచేవాణ్ణి. రెండో బొంత మొదటిదానంత వెచ్చగా ఉండేది కాదు, రెండూ అవ్వ కిందే నలిగేవి. ఆ చీరల మెత్తదనం వేరే సంగతి, అది వందల ఉతుకుల్లో వచ్చినది, దాన్ని ఏ మిల్లూ నెయ్యలేదు. కానీ అవ్వ ఫిర్యాదు బొంత మీద కాదు, అడుగున ఉన్న ఖాళీ మీద. ఆ ఖాళీ సంగతి తెలిసినవాళ్ళు బాలింత మంచం కింద నిప్పుల కుంపటి పెట్టారు. పక్క మీద ఎన్ని వేసినా చాలదని, వెచ్చదనం మంచం అడుగునుంచే రావాలని వాళ్ళకు తెలుసు.

ఆ జ్ఞానాన్ని నిప్పు లేకుండా సాధించడమే అడుగుబొంత గొప్పతనం. కొత్త నిప్పు ఏమీ పుట్టించదు. మన ఒంటి వేడినే పోనివ్వకుండా మనకు తిరిగి ఇస్తుంది.

ఇక లోపల ఏం కూరాలన్నది. దూదేకులవారు విల్లు పట్టుకుని దూది ఏకడం చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు. అణిగిపోయిన పాత పరుపులోని దూదిని వింటినారి కింద పెట్టి, చెక్క గూటంతో నారిని కొడితే, ఆ మోత గది నిండుతూ ఉండగా ముద్దలు విడిపోయి దూది మబ్బులా లేచేది. బరువు అంతే, పరిమాణం మూడింతలు. ఆ నారి మోత దూదిలోకి గాలిని తిరిగి పిలిచేది. ఈకల బొంతల వాళ్ళు ఇప్పుడు ఫిల్ పవర్ అని కొలిచేది కూడా ఆ లేవడాన్నే. ఒక ఔన్సు, అంటే 28 గ్రాముల పక్షి నూగు, 800 ఘనపు అంగుళాల చోటును నింపితే దాని ఫిల్ పవర్ 800. మన కొలతలో 13 లీటర్లు. గుప్పెడు బియ్యమంత బరువున్న నూగుతో ఒక నీళ్ళ బిందె నిండిపోతుందన్నమాట. అరచేతిలో ఆ నూగు పెట్టుకుని కళ్ళు మూసుకుంటే ఏమీ పెట్టుకున్నట్టుండదు. రెండు నిమిషాలకు ఆ అరచెయ్యి మాత్రం రెండో చెయ్యి కంటే వెచ్చగా ఉంటుంది.

ఈ నూగు బాతులదీ హంసజాతి పక్షులదీ. కోతలైన మళ్ళలో రాలిన గింజ కోసం బాతుల మందలు దిగడం మా వైపు చూస్తూనే ఉంటాం. నీళ్ళలో మునిగి లేచిన బాతు ఒళ్ళు విదిలిస్తే చుక్కలు జారిపోతాయి. పై ఈకలు తడిని ఆపుతాయి, వాటి చాటున నూగు పొడిగా పొంగి ఉంటుంది. మనం ఆ పై ఈకలను వదిలేసి నూగును మాత్రం తీసి సంచిలో కుట్టాం. కాబట్టి పై ఈకల పని ఇప్పుడు సంచి గుడ్డ చెయ్యాలి. అది చెయ్యలేక నూగు తడిసిందా, ఆ 13 లీటర్ల మబ్బు పిడికెడు ముద్ద అయిపోతుంది. పాలియెస్టర్ పోగులతో కూరిన బొంత దీనికంటే బరువు, మడిస్తే ఎక్కువ చోటు పడుతుంది. తడిసినా మాత్రం పూర్తిగా కూలిపోదు.

గుడ్డ గురించి ఒక మాట. మంచి అడుగుబొంతల నైలాను 10 డెనియర్ దాకా సన్నగా ఉంటుంది. అంటే 9000 మీటర్ల దారం పది గ్రాములే తూగుతుంది. వెంకటగిరి చీరకు వాడే నూరో నంబరు నూలు ఎంత నాజూకో మా జిల్లా ఆడవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఆ నూలును ఈ లెక్కలో తూస్తే 53 డెనియర్ వస్తుంది. దానికి అయిదో వంతు దారంతో నేసిన గుడ్డ ఇది. వేళ్ళ మధ్య పెట్టి నలిపితే ఎండుటాకులా గలగలమంటుంది. వెంకటగిరి చీర అలా అనదు. స్పర్శలో ఆ చీరదే పైచెయ్యి అని ఈ బొంతను ఎంత ప్రేమించినా ఒప్పుకుంటాను.

అన్నిటికంటే నన్ను కట్టిపడేసింది కుట్టు. పరుపులు కుట్టే ఒకాయన చేత నేను బూరుగుదూదితో ఒక అడుగుబొంత కుట్టించాను. బూరుగు పోగు లోపల గుల్ల, నీళ్ళు తాగదు. ఒకప్పుడు ఓడల్లో లైఫ్ జాకెట్లలో దాన్నే కూరేవారు. ఇంతకంటే మన మంచుకు తగినది ఏముంటుందనుకున్నాను. దూది ఒకచోటికి జారిపోకుండా ఆయన పరుపుకి వేసినట్టే అడ్డంగా, పైగుడ్డనూ కిందిగుడ్డనూ కలిపి బిగించి కుట్లు వేశారు. చాలా చక్కగా వేశారు, ఒక్క వంకర లేదు. ఆ రాత్రి నా వీపు మీద ఆ కుట్లన్నీ లెక్కపెట్టగలిగాను. కుట్టు ఉన్నచోటల్లా సన్నని చలిగీత. రెండు గుడ్డలు ఒకదాన్నొకటి తాకినచోట మధ్య గాలి లేదు మరి.

ఆ తర్వాతే నూగుబొంతల లోపలి పనితనం చూసి అబ్బురపడ్డాను. అందులో రెండు గుడ్డలూ ఎక్కడా కలవవు. వాటి మధ్య పలుచని వలగుడ్డతో నిలువు గోడలు కుట్టి గదులు గదులుగా చేస్తారు. నూగు ఆ గదుల్లో నిండుగా పొంగి ఉంటుంది. పైనుంచి చూస్తే మన బొంత కుట్లలాగే కనిపించే ఆ గీతల అడుగున రెండంగుళాల ఎత్తు గోడ నిలబడి ఉంది. మా అవ్వ కుట్టు పొరలను పట్టి ఉంచడానికి, ఈ కుట్టు పొరలను విడిగా ఉంచడానికి. ఇంకో ముచ్చట: కింది గుడ్డను పైగుడ్డ కంటే కాస్త పెద్దగా కత్తిరిస్తారు. మనిషి పడుకుంటే ఊయల దొప్పలా వంగుతుంది కదా, ఆ వంపుకు లోపలి గుడ్డ దూరం తక్కువ, బయటి గుడ్డకు ఎక్కువ. రెండూ సమానంగా ఉంటే వంపు దగ్గర బయటి గుడ్డ బిగుసుకుని నూగును నొక్కేస్తుంది. రవిక కుట్టే దర్జీకి ఈ లెక్క చెప్పకుండానే తెలుస్తుంది. కొసల దగ్గర తాడు లాగితే గుడ్డ కుచ్చులు పడి, గాలి దూరకుండా సంచిమూతిలా ముడుచుకుంటుంది.

కావ్యానికి ఔచిత్యమే ప్రాణమని పదకొండో శతాబ్దపు క్షేమేంద్రుడు అన్నాడు. ఆయన కాశ్మీరం మనిషి, చలి ఆయనకు తెలిసే ఉంటుంది. బొంత ఎంపికలో నేను పాటించేది అదే. సున్నా కింద 7 డిగ్రీల దాకా కాచే లావు బొంతను బుచ్చిరెడ్డిపాలెం తోపులో వేలాడదీస్తే అర్ధరాత్రికి చెమట పడుతుంది, ఆ చెమటే తెల్లారేసరికి చలి అవుతుంది. మా నెల్లూరు తీరానికి 10 డిగ్రీల దాకా కాచే పలుచని పాలియెస్టర్ బొంత చాలు. మన మంచు తడిమంచు, నూగుకు అది శత్రువు. పొడుగు కూడా మెడనుంచి మోకాళ్ళదాకా ఉంటే సరిపోతుంది. పాదాల కింద మడతపెట్టిన పాత చీరబొంత వేసుకోవచ్చు, అక్కడ బరువు తక్కువ కాబట్టి అది పెద్దగా నలగదు. ఆ చోటు దానికే వదలాలని నా కోరిక కూడా.

లంబసింగి సంగతి వేరు. చింతపల్లి మండలంలో, సముద్రమట్టానికి దాదాపు 1000 మీటర్ల ఎత్తున ఉన్న ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రలా, అంటే కర్రలా, బిగుసుకుపోతాడని ఆ పేరుకు అర్థం చెబుతారు. డిసెంబరు, జనవరుల్లో అక్కడ సున్నా దగ్గరికి దిగే రాత్రులుంటాయి. అక్కడికి వెళ్ళేవాళ్ళు నూగుబొంతే కొనండి, నిలువెల్లా కప్పేది, రెండంగుళాలకు తగ్గకుండా పొంగేది. పైన మంచు ఆపే పట్టా తప్పనిసరి. బొంత చీటీ మీద రాసిన అంకెకు ఒక అయిదు డిగ్రీలు కలుపుకుని నమ్మండి.

ఎంత మంచి బొంత కొన్నా చివరికి అంతా దాన్ని వేలాడదీసే తాడు బిగింపులోనే ఉంది. వదులైతే ఊయలకూ బొంతకూ మధ్య గాలి ఆడుతుంది, బిగిస్తే బొంత నలుగుతుంది. ఊయలలో కాస్త ఏటవాలుగా పడుకుని, పక్కనున్నవాళ్ళను ఊయల గుడ్డకూ బొంతకూ మధ్య చెయ్యి దూర్చి చూడమనండి. చెయ్యి ఆడేంత సందు ఉంటే బిగించాలి. చెయ్యి దూరకపోతే వదులు చెయ్యాలి. అరచేతికీ చేతి వెనకవైపుకీ రెండు గుడ్డలూ మెత్తగా ఆనాయంటే, ముడి అక్కడే వెయ్యండి.