రెండు కొండల నడుమ కంభం చెరువు

గుంటూరు–నంద్యాల రైలు మార్గంలో మార్కాపురం దాటి గిద్దలూరు వైపు వెళ్తుంటే కంభం వస్తుంది. పశ్చిమ ప్రకాశంలో ఊళ్లన్నిటికీ ఏదో ఒక గుర్తు ఉంది. మార్కాపురానికి చెన్నకేశవస్వామి గుడి, పలకల గనులు. త్రిపురాంతకానికి కొండమీది శివాలయం. కంభానికి మాత్రం చెరువే గుర్తు, చెరువే చరిత్ర. నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుట్టిన గుండ్లకమ్మ కొండల్లోంచి బయటపడే చోట, రెండు గుట్టలు దగ్గరికొచ్చిన సందుకు అడ్డంగా వేసిన కట్ట వెనక నిలిచిన నీళ్లు అవి. జంపలేరు కూడా ఇందులోకే వస్తుంది.

20వ శతాబ్దం మొదట్లో బ్రిటిష్ వాళ్లు అచ్చువేసిన గెజిటీరులో ఈ చెరువు లెక్కలున్నాయి. కట్ట ఎత్తు 57 అడుగులు. దానికి నీళ్లు వచ్చి చేరే నేల 430 చదరపు మైళ్లు. పారకం దాదాపు 10,300 ఎకరాలు. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే కట్టించినవాళ్ల తెలివి ఎక్కడుందో తెలుస్తుంది. మైదానంలో చెరువు వేయాలంటే మైలు పొడవునా మట్టి పోయాలి. ఇక్కడ ఆ పని చాలావరకు కొండలే చేసిపెట్టాయి. మనిషి మూసింది ఆ సందును మాత్రమే. ఆసియాలోని పాత చెరువుల్లో పెద్దదని కంభం చెరువును పొగుడుతుంటారు. నా దృష్టిలో దాని గొప్పతనం పెద్దదనంలో లేదు, చోటు ఎంచుకోవడంలో ఉంది.

చెరువు వేయించింది వరదరాజమ్మ అని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఆమె గజపతుల ఆడపడుచు, శ్రీకృష్ణదేవరాయల భార్య. రాయలు 1514లో ఉదయగిరి, 1515లో కొండవీడు గెలిచి, కళింగం దాకా వెళ్లి, చివరికి గజపతితో వియ్యమందాడు. ఆ రాణి రాయలకు దూరంగా కంభంలో ఉండిపోయి, ఈ నేలకు నీళ్లిచ్చిందని కథ. కథలో నిజమెంతైనా, ఆ కాలంలో రాజులకు చెరువంటే దానధర్మంతోపాటు రాజ్యం నడిపే పద్ధతి కూడా. చెరువులూ కాలువలూ వేయించి పేద రైతును నిలబెట్టుకోవాలని రాయలే ‘ఆముక్తమాల్యద’ రాజనీతిలో చెప్పాడు.

అయితే చెరువు ఎక్కడ వేయాలో, ఎలా వేయాలో చెప్పే విద్య రాయల కంటే ముందే ఈ చుట్టుపక్కల ఉంది. గిద్దలూరుకు దక్షిణాన, కడప జిల్లా పోరుమామిళ్లలో ఒక శాసనం ఉంది. 1369 నాటిది, సంస్కృతంలో రాసింది. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు, ఇంకో పేరు భవదూరుడు, ఉదయగిరి నుంచి ఏలుతూ అక్కడ అనంతరాజసాగరం అనే చెరువు తవ్వించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని శాసనం లెక్క చెబుతుంది. అంతకంటే విలువైన సంగతి, మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో వరసగా రాయించారు.

ధర్మం తెలిసిన, ధనం ఉన్న రాజు కావాలి. జలశాస్త్రం తెలిసిన పండితుడు కావాలి. అడుగున గట్టి బంకనేల, దూరం నుంచి తీపినీళ్లు తెచ్చే ఏరు, ఆ ఏటిని ఆనుకున్న కొండ ఉండాలి. కొండ రెండు కొసల నడుమ రాయి దిట్టంగా పేర్చిన కట్ట పడాలి, ఆ కట్ట మరీ పొడవు కాకూడదు. చెరువు గర్భం వెడల్పుగా, లోతుగా ఉండాలి. తిన్నని పొడవాటి రాళ్లు దొరికే గని దగ్గర్లో ఉండాలి. కింద చదునైన సారవంతమైన పొలాలుండాలి. పని తెలిసిన కట్టుబడి జనం ఉండాలి. పన్నెండింటిలో ముఖ్యమైనవి ఇవి. ఈ జాబితా పట్టుకుని కంభం కట్ట మీద నిలబడితే ఒక్కొక్కటే ఎదురుగా కనిపిస్తుంది. ఏరుంది, కొండలున్నాయి, పొట్టి కట్ట ఉంది, రాయికి ఈ సీమలో కొదవే లేదు.

దోషాలు ఇంకా ఆసక్తికరం. కట్ట ఊటెత్తడం, చౌడునేల, చెరువు నడుమ మిట్ట, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీళ్లు ఎక్కువై పొలం తక్కువ కావడం. ఇవి ఐదు. ఆరోది, చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో పడటం. నీటి తగవు ఇంజనీరింగు తప్పుతో సమానంగా చెరువును చెడగొడుతుందని 650 ఏళ్ల కిందటే రాతి మీద చెక్కించారు.

ఇక కట్టుబడి. పాత చెరువుల్లో కట్ట మట్టిదే, నీళ్ల వైపు మాత్రం అలల దెబ్బకు కోసుకుపోకుండా రాళ్లు పేర్చుతారు. తూము దగ్గర నీళ్లలో రెండు రాతి స్తంభాలు నిలబెడతారు. వాటిని కలుపుతూ అడ్డరాళ్లు, ఆ రాళ్లలో బెజ్జం, బెజ్జంలోంచి కిందికి దిగే గడ. గడ కొసన ఉన్న గుండు, అడుగున రాతి తొట్టి మీది రంధ్రంలో సీసాకు బిరడాలా కూర్చుంటుంది. గడ ఎంత పైకెత్తితే అంత నీరు కట్ట కింది కాలువలోకి పోతుంది. మరవ మీద వరసగా పాతిన రాళ్లు ఇంకో తెలివి. వానకాలంలో ఆ రాళ్ల సందుల్లోంచి వరద పొర్లిపోతుంది. వానలు వెనకబట్టాక రైతులు ఆ సందుల్లో మట్టీ గడ్డీ కూరి, చివరి వానల నీళ్లను మరో జానెడు నిలబెట్టుకుంటారు. ఈ జానెడు ఎత్తే చెరువంతా పరుచుకుంటే ఎన్ని ఎకరాల చివరి తడి అవుతుందో పంట పండించినవాడికి వేరే చెప్పనక్కర్లేదు.

కట్టడం ఒక ఎత్తు, కాపాడటం ఇంకో ఎత్తు. రాయలసీమ చెరువులకు దశబంధం ఇనాములుండేవి. చెరువు వేసినవాడికో, ఏటా గండ్లు పూడ్చి బాగుచేసేవాడికో దాని కింద కొంత భూమి ఇచ్చేవారు. చెరువు నిలిస్తేనే ఆ భూమి పండుతుంది, కాబట్టి చెరువు ఎండితే మొదట నష్టపోయేది దాన్ని చూసుకోవాల్సినవాడే. నీళ్లు పంచడానికి నీరుగట్టి ఉండేవాడు, అతనికి పంటలో వాటా. ఇంతకంటే సూటైన నిర్వహణ ఒప్పందం నాకు తోచదు. 19వ శతాబ్దంలో ఇనాముల లెక్కలు మారి చెరువుల మంచిచెడ్డలు సర్కారు శాఖల చేతికి పోయాయి. మన రాష్ట్రం 1997లో చట్టం చేసి నీటి సంఘాలు పెట్టింది. ఆలోచన మంచిదే. చెరువుతో కడుపు ముడిపడిన మనిషికి బాధ్యత అప్పగించిన పాత కట్టుబాటుకు మాత్రం అది సాటి రాలేదు.

అజాగ్రత్త ఎంత ఖరీదో ఇదే గుండ్లకమ్మ చూపించింది. సముద్రానికి చేరువలో, మల్లవరం దగ్గర కట్టిన కొత్త రిజర్వాయరులో 2022లో ఒక గేటు, 2023 డిసెంబరులో ఇంకో గేటు కొట్టుకుపోయాయి. నిలవచేసిన నీళ్లు చూస్తుండగానే సముద్రం పాలయ్యాయి.

2020లో అంతర్జాతీయ నీటిపారుదల, మురుగునీటి పారుదల సంఘం కంభం చెరువును ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించింది. పోరుమామిళ్ల చెరువుకూ, కేసీ కాలువకూ అదే ఏడు ఆ గౌరవం దక్కింది. సంతోషమే. కానీ చెరువుకు బిరుదు కంటే పూడిక తీత అవసరం. పశ్చిమ ప్రకాశంలో బోర్లు వందల అడుగులు దిగుతున్నాయి, చాలా ఊళ్లను ఫ్లోరైడ్ పీడిస్తోంది. కంభం చెరువు నిండిన ఏడు కింది పొలాలతో పాటు చుట్టుపక్కల బావులూ బతుకుతాయి. పారకం లెక్కల్లో ఆ మేలు చేరదు.

ఈ సీమ జనం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న వెలిగొండ ప్రాజెక్టు కూడా ఆ పాత విద్యనే నమ్ముకుంది. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండల మధ్య ఉన్న మూడు సందులను కట్టలతో మూసి నల్లమలసాగర్ చేశారు. నీళ్లు రావాల్సింది మాత్రం శ్రీశైలం జలాశయం నుంచి, కొల్లంవాగు దగ్గర మొదలై నల్లమల కింద సాగే జంట సొరంగాల గుండా. ఆ జలాశయం ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల నడుమ ఉంది. ప్రాజెక్టు మీద తెలంగాణ అభ్యంతరాలు కృష్ణా బోర్డు దాకా వెళ్లాయి. సందులు మూయడం మనవాళ్లకు ఎప్పటినుంచో వచ్చు. మిగిలిన పని పోరుమామిళ్ల శాసనం చెప్పిన సరిహద్దు దోషాన్ని కూర్చుని పరిష్కరించుకోవడం, ముంపులో ఊళ్లు వదులుకున్నవాళ్లకు ఇవ్వాల్సింది ఇచ్చెయ్యడం.