శ్రీనాథుని కృతులలో సముద్రము: తీరమునుండి దుర్గమునకు

శ్రీనాథుడు తన పితామహుడైన కమలనాభామాత్యుని ప్రస్తావించిన చోట ఆయనను సముద్రతీరమందలి కాల్పట్టణమునకు అధీశ్వరునిగా కీర్తించినాడు. ఆ పట్టణ మెక్కడిదను విషయమున పండితులు పలువిధముల వాదించిరి. వాదము లెట్లున్నను అది కడలి యొడ్డున నుండె ననుటకు కవివాక్యమే ప్రమాణము. అట్టి వంశమున జన్మించినవాడు పెదకోమటి వేమారెడ్డి (1402-1420) కొలువున విద్యాధికారియై కొండవీటి గిరిదుర్గమున నివసించెను. పిదప రెండవ దేవరాయల నాటి విజయనగరమునకు పోయి, గౌడ డిండిమభట్టును వాదమున జయించి, కనకాభిషేక గౌరవము నందెను. ఈ రెండును సముద్రపు హోరు వినరాని నగరములే.

తీరమును విడిచి లోనాటికి చేరిన కవి వెంట సముద్రము పోవునా? పోయినచో నేరూపమున నుండును? ఈ వ్యాసమున విచారింపదలచినది ఇంతియే.

ఇట్టి ప్రశ్నకు మన విమర్శలో సాధారణముగా రెండు మార్గములు కన్పట్టును. కవి తీరవాసి కావున అతని సముద్రవర్ణన లన్నియు స్వానుభవజన్యములని చెప్పుట మొదటిది. దండి కావ్యాదర్శమున మహాకావ్య లక్షణములను చెప్పుచు నగరము వెంటనే అర్ణవమును పేర్కొన్నాడు గనుక ఆ వర్ణనలన్నియు శాస్త్రచోదితములే యనియు, వానియందు అనుభవమును వెదకుట వ్యర్థమనియు చెప్పుట రెండవది. ఈ రెండు మార్గములకును ఒక సమానదోషము కలదు. రెండును సముద్రము అలలలోను, నురుగులోను, చంద్రోదయమునకు పొంగుటలోను మాత్రమే యుండునని భావించుచున్నవి. తీరవాసికి సముద్రము మొదట చూడదగిన వస్తువా యని అడిగినవారు అరుదు.

ఇచట ఒక స్వవిషయమును చెప్పుటకు పాఠకులు అనుమతింతురుగాక. ఈ వ్యాసకర్తది గుంటూరునుండి తెనాలికి పోవు దారిలోని నందివెలుగు. అది కడలి యొడ్డు గ్రామము కాదు. అయినను కడలి పొరుగున పెరిగిన గ్రామము. కార్తిక పూర్ణిమకు మా వారు బాపట్ల దాటి సూర్యలంకకు పోయి సముద్రస్నానము చేసి వచ్చెడివారు. ఎండకాలపు సాయంకాలములందు తూర్పుదక్షిణములనుండి గాలి తిరిగినప్పుడు, సముద్రపు గాలి వచ్చినదని పెద్దలు అరుగులమీదికి చేరెడివారు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను, రేపల్లె, నిజాంపట్టణము వైపు పల్లెలను ముంచివేసిన పిదప చాలకాలము మా ఇండ్లలో సముద్రమను మాట మెల్లగా పలుకబడెడిది. ఉద్యోగరీత్యా హైదరాబాదున స్థిరపడిన తరువాత నాకు లోపించినది అలల దృశ్యము కాదు. వేసవి సాయంకాలమున ఆ గాలి రాకపోవుటయే మొదటి లోపము. చేపల రుచి మారుట రెండవది. ఈ చిన్న అనుభవము ప్రమాణము కాజాలదు. కాని శ్రీనాథుని మరల చదువునపుడు ఎచట వెదకవలెనో అది నాకు సూచించినది.

మొదట హరవిలాసమును చూతము. ఈ కావ్యమునకు కృతిపతి అవచి తిప్పయసెట్టి. ఆయన కుమారగిరిరెడ్డికి సుగంధభాండాగారాధ్యక్షుడు. ఓడవర్తకమున ప్రసిద్ధికెక్కిన కుటుంబమువాడు. అవతారికలోని ఒక సీసపద్యమున శ్రీనాథుడు ఆ వర్తకులు ఏయే దేశములనుండి ఏయే వస్తువులను తెచ్చిరో వరుసగా చెప్పినాడు. పంజారమునుండి కర్పూరవృక్షములు, జలనోంగి నుండి బంగారు మొలకలు, సింహళమునుండి ఏనుగులు, హురుమంజి నుండి గుఱ్ఱములు, గోవనుండి సంకుమదము, ఆపైని ముత్యములు, భోటదేశపు కస్తూరి, చీనాంబరములు. సీసపాదములు నాలుగును ఎనిమిది ఖండములుగా విడివడి, ప్రతి ఖండమును తెచ్చుట యను క్రియతోనే ముగియుచున్నది. అలయను మాట లేదు, తీరమను మాట లేదు. అయినను ఓడనుండి సరకు దిగుచున్నట్లు, ఒక మూట వెనుక మరియొక మూట రేవునకు చేరుచున్నట్లు ఆ క్రియ మాటిమాటికి వినబడుచున్నది.

పంజార, జలనోంగి మున్నగు నామములు ఏ ద్వీపములకు చెందినవో చారిత్రకులు విచారించిరి. ఆ విచారము ముఖ్యమే. సాహిత్యవిమర్శకునికి ముఖ్యమైనది మరియొకటి కలదు. భోటదేశము సముద్రమెరుగని హిమవత్ప్రాంతము. దాని కస్తూరియు ఓడసరకుల నడుమనే లెక్కింపబడినది. తీరమున పెరిగినవానికి లోకమంతయు రేవుగుండానే ఇంటికి వచ్చును.

ఈ పద్యము వెనుక నున్న రేవులలో మోటుపల్లి ప్రధానమైనది. నేడది బాపట్ల జిల్లాలోని యొక పల్లె. 1244లో కాకతీయ గణపతిదేవుడు అచట అభయశాసనమును వేయించెను. గాలివానకు కొట్టుకొనివచ్చిన ఓడల సొత్తును రాజులు హరించెడి ఆచారమును మాన్పి, వర్తకులకు రక్షణ నిచ్చి, సుంకముల మేరను నిర్ణయించిన శాసనమది. 1358లో అనపోతారెడ్డి కాలమున అచటనే వర్తకులకు మరల ప్రోత్సాహము నిచ్చు శాసనము వెలసినది. రెడ్డిరాజుల కోట కొండపై నున్నను వారి భాండాగారము మోటుపల్లి మీద ఆధారపడియుండె ననుట అతిశయోక్తి కాదు. కొండవీటి కొలువున సముద్రమును ఎరుగనివా రుండవచ్చును. సముద్రము తెచ్చిన కర్పూరమును ఎరుగనివాడు లేడు. శ్రీనాథుడు ఆ కర్పూరమును దాని ఓడతో ముడిపెట్టి చెప్పినాడు.

హరవిలాసముననే హాలాహలభక్షణ కథ కలదు. క్షీరసాగరమును మథించినపుడు విషముతోపాటు ఐరావతము, ఉచ్చైశ్శ్రవము, కల్పవృక్షము, మణులు వెలువడుట పురాణప్రసిద్ధము. అవతారికలోని ఓడలు తెచ్చిన వానిని దీనితో సరిపోల్చుడు. ఏనుగు కలదు, గుఱ్ఱము కలదు, వృక్షము కలదు, ముత్యములు కలవు. కవి బుద్ధిపూర్వకముగా ఈ సామ్యమును ఉద్దేశించెనని నేను శపథము చేయను. కాని ఒకే గ్రంథమున దేవతల సముద్రమును సెట్టిగారి సముద్రమును ఒకే తీరుగ ఇచ్చుట గమనింపదగినది. రెండుచోట్లను సముద్రము చూచుటకు కాక పడయుటకు ఉన్నది. విషము మాత్రము అవతారికలో కనబడదు. ఓడ మునిగిన కథను కృతిపతి యెదుట ఏ కవి చెప్పును?

ఇట్లే లోనాటి రాజొకడు సముద్రమును తలచిన చోటు ఆముక్తమాల్యదలో కలదు. శ్రీకృష్ణదేవరాయలు రాజనీతి నుపదేశించుచు రేవులను బాగుచేయించి, గుఱ్ఱములు, ఏనుగులు, మణులు, చందనము, ముత్యములు వచ్చునట్లు వర్తకమును పెంపవలెననియు, గాలివానకు చిక్కి దిగిన పరదేశులను ఆదరింపవలెననియు చెప్పినాడు. వస్తువుల పట్టిక ఇంచుమించు శ్రీనాథునిదే. భేద మెక్కడనగా, రాయల పద్యము విధి. రావలెను, చేయవలెను అను క్రియలతో నడచును. శ్రీనాథుని పద్యము జరిగినపని. తెచ్చిరి అను క్రియతో నడచును. విజయనగరమునకు సముద్రము ఒక రాజకార్యము. కాల్పట్టణపు వంశమువానికి అది ఇంటివార్త.

లోనాటి సీమలలో సముద్రశబ్దమున కేమైనదో కూడ చూడవలెను. పోరుమామిళ్ల చెరువుకట్టమీది 1369 నాటి శాసనము ఆ చెరువును అనంతరాజసాగరమని పేర్కొనుచున్నది. అనంతపురము పొరుగున బుక్కరాయసముద్రము నేటికిని కలదు. హైదరాబాదు చెరువునకు హుస్సేనుసాగరమని పేరు. వానకు ఎదురుచూచు సీమలో నిలిచిన నీరు ఏదైనను సాగరమే. దీనిని అతిశయోక్తి యనుటకంటె ఆశ యనుట సమంజసము. శ్రీనాథుని శ్రోతలలో పలువురు ఎరిగిన సాగరము ఇదియే కావచ్చును.

ఇక చాటువులు. పలనాటిని గూర్చియు, కన్నడదేశమును గూర్చియు శ్రీనాథుని పేర ప్రచారమున నున్న చాటుపద్యముల కర్తృత్వము సందిగ్ధమని అందరును ఎరిగినదే. వానిని కవి జీవితమునకు సాక్ష్యములుగ గాక, తెలుగువారు శ్రీనాథుని ఎట్లు భావించుకొనిరో తెలుపు సాక్ష్యములుగ గ్రహింతము. విజయనగరపు చాటువులో కవి కుళ్లాయి పెట్టుకొని, కూర్పాసము తొడిగి, వెల్లుల్లియు తెలికపిండియు తిని, కన్నడ రాజ్యలక్ష్మిని దయ చూడుమని వేడుచున్నాడు. పలనాటి చాటువులో పూతన పాలు త్రాగితినని గర్వింపక జొన్నసంకటియు బచ్చలికూరయు ఒక ముద్ద మ్రింగి చూడుమని కృష్ణుని సవాలు చేయుచున్నాడు. మరియొకదానిలో నీరు దొరకక, తిరిపెమెత్తువానికి ఇద్దరు భార్య లెందులకు, గంగను విడువుమని శివుని అడుగుచున్నాడు.

ఈ మూడింటను సముద్రము లేదు. తొలిచూపునకు ఇది నా విచారమునకు ప్రతికూలమువలె తోచును. కాని తెలుగు రసికలోకము, తీరసీమలనుండి లోనాటికి పోయినవాని దుఃఖమును ఊహింపవలసివచ్చినపుడు, వానిచేత కడలిని తలపించి కంటనీరు పెట్టింపలేదు. తిండిని, బట్టను, నీటిని గూర్చి మొరపెట్టించినది. ప్రవాసదుఃఖము మొదట నాలుకకు తెలియును, పిదపనే కంటికి తెలియును. ఈ సత్యమును చాటుకర్త యెవరైనను చక్కగా గ్రహించినాడు.

భీమేశ్వరపురాణము ఈ విచారమునకు తుదిమెట్టు. ఆకలికి తాళలేక కాశిని శపింపబోయిన వ్యాసుని విశ్వేశ్వరుడు నగరమునుండి వెడలగొట్టెను. వ్యాసుడు దక్షారామమునకు బయలుదేరెను. దారిలో పురుషోత్తమక్షేత్రము, శ్రీకూర్మము, సింహాచలము, పిఠాపురము తగులును. పటమున చూచినచో ఇది సముద్రమును ఎడమచేత నుంచుకొని సాగిన తీరమార్గము. లోనాటి మహానగరమున అన్నము పుట్టనివాడు కడలిప్రక్కగా నడచి, గోదావరి సముద్రమున కలియు సీమయందు ఊరట పొందినాడు. కాశిని బాసిన అగస్త్యుడును అచట అతనికి తోడగుచున్నాడు. ఒకనాడు సముద్రమును పానము చేసిన ముని సముద్రపు పొరుగుననే వ్యాసునకు క్షేత్రమహిమను చెప్పుచున్నాడు.

కథ స్కాందమునుండి గ్రహింపబడినదే గదా, ఇందు కవి స్వానుభవ మెక్కడిదని ఆక్షేపింపవచ్చును. ఆక్షేపణ న్యాయమైనదే. కృతిపతియైన బెండపూడి అన్నయమంత్రి గోదావరీసీమవాడగుటయు ఈ ఎంపికకు కారణమే. కావున శ్రీనాథుడు కొండవీటిని, విజయనగరమును తలచుకొని వ్యాసుని నడిపించెనని నేను చెప్పను. కథను ఇచ్చినది పురాణము. ఆ దారిని క్షేత్రము వెంట క్షేత్రముగ నిలిచి నిలిచి తెలుగు చేసినది మాత్రము ఆ తీరమువాడే. ఇంతకు మించి చెప్పుట సాహసము.

ఈ చర్చవలన పరిశోధక విద్యార్థులకు ఉపకరించు ఫలిత మొకటి కలదనుకొందును. ఒక కవి తీరవాసి యగునా కాదా యని నిర్ణయింపగోరి అతని సముద్రవర్ణనలను లెక్కించుట వలన ప్రయోజనము స్వల్పము. వర్ణన శాస్త్రమువలన అబ్బును. సరకుల పేళ్లు, రేవుల పేళ్లు, సుంకము, తిండి, దారి, ఇవి శాస్త్రమువలన అబ్బునవి కావు. అనుభవమును అర్ణవవర్ణనలో గాక అవతారికలో వెదకవలెను. మన పాఠశాలలలో అవతారికను దాటి కథలోనికి పోవు అలవాటు బలపడినది. అది మానవలసిన అలవాటు.

చాటుసంప్రదాయము శ్రీనాథుని అంత్యదశను కృష్ణాతీరమందలి బొడ్డుపల్లెలో నిలిపినది. అచట గుత్తకు సేద్యము చేసి, ఏరు పొంగి పైరును కొనిపోగా, ఏడువందల టంకములు ఎట్లు చెల్లింతునని ఆయన వాపోయినాడట. పలనాట నీటికై గంగను అడిగినవానిని డెల్టా నీరే ముంచినది. ఆ తలపోతలోను కవి నీటి అందమును చెప్పలేదు. అది తినిపోయిన ఫలమును, తాను కట్టవలసిన పన్నును చెప్పినాడు. నీటిప్రక్క బ్రతికినవారు నీటిని గూర్చి మాటలాడు తీరు ఇదియే.